లేని కుర్చీని గదిలో నిలబెట్టడం: ఫోటో ఇన్‌స్టలేషన్‌కు అంచెలంచెల మార్గదర్శి

బోర్డులో చిన్న రంధ్రం. కన్ను ఆనించి చూస్తే లోపల తెల్లటి గదిలో పక్కపక్కన రెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. తెర తీసుకుని లోపలికి నడిస్తే కుర్చీ ఒక్కటే ఉంటుంది. రెండోది ఫోటో. నేల మీద మీటరు పొడవున సాగి, గోడ ఎక్కి, వంకర తిరిగిన ఎర్రటి మరకలా పడి ఉంటుంది.

ఫోటో ఎలా నమ్మిస్తుందో చూపించడానికి ఇంతకంటే సూటి పద్ధతి లేదు. ఇది ఎలా చేయాలని అడిగేవాళ్ళంతా ఎక్కువగా ఆగిపోయేది మూడు చోట్ల: కొలతలు, ప్రింటు, వెలుతురు. అందుకే ఆ మూడింటికీ ఇక్కడ చోటు ఎక్కువిచ్చాం.

ఇంతకీ కుర్చీయే ఎందుకంటే, దానికి కాళ్ళున్నాయి. సన్నటి నిటారు గీతలు కాస్త పక్కకు పోయినా కంటికి దొరికిపోతాయి కాబట్టి పని సరిగ్గా కుదిరిందో లేదో వెంటనే తెలుస్తుంది. 1965లో అమెరికన్ కళాకారుడు జోసెఫ్ కొసూత్ ఒక కుర్చీని, దాని నిలువెత్తు ఫోటోను, నిఘంటువులోని అర్థాన్ని పక్కపక్కన పెట్టాడు. అక్కడ ఏది ఫోటోనో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ తెలియకుండా చేయడమే మన పని.

1. ముందు లెక్క

కెమెరాకు ఒక్కటే కన్ను. అది ఉన్న చోటే మన ఒక కంటిని పెట్టి, అది చూసిన దిక్కుల నుంచే అవే రంగులు కంటికి చేరేలా చేస్తే, వస్తువు అక్కడ ఉందో లేదో కన్ను తేల్చుకోలేదు. రెండు కళ్ళతో చూసినా, తల కదిపినా గుట్టు బయటపడుతుంది. రంధ్రం ఆ రెండింటినీ ఆపడానికే.

ఈ మార్గదర్శిలో అన్నిటికీ ఆధారం ఈ కొలతలే:

- రంధ్రం ఎత్తు: నేల నుంచి 120 సెం.మీ.
- రంధ్రం నుంచి ఎదుటి గోడ: 400 సెం.మీ.
- రంధ్రం నుంచి కుర్చీ వెనక కాళ్ళు: 300 సెం.మీ.
- కుర్చీ ఎత్తు: సుమారు 85 సెం.మీ.

ఈ లెక్కన వెనక కాళ్ళలో కింది 30 సెం.మీ. భాగం నేల మీద పడి 100 సెం.మీ. పొడవు సాగుతుంది. ఆ పై భాగమంతా గోడ మీదికి ఎక్కుతుంది. కుర్చీ వీపు పై అంచు గోడపై సుమారు 73 సెం.మీ. ఎత్తున వస్తుంది. మీ ప్రింటు చేతికొచ్చాక ఈ రెండు అంకెలతో సరిచూసుకోండి. బాగా తేడా ఉంటే అతికించకండి, ఎక్కడో పొరపాటు జరిగింది.

120 సెం.మీ. ఎత్తు ఎందుకంటే, స్టూలు మీద కూర్చున్న మనిషి కన్ను దాదాపు అక్కడికే వస్తుంది. నిలబడి చూసేలా పెడితే పొడుగు పొట్టి తేడాలతో ఒకరు వంగాలి, ఇంకొకరు మునివేళ్ళ మీద లేవాలి. కూర్చుంటే తల కుదురుగా ఉంటుంది, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళకూ అందుతుంది.

2. గది

కనీసం 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉండాలి. లోపల కుర్చీలుండే వేదికకు 4 మీటర్లు, బయట కూర్చునేవాళ్ళకు మీటరున్నర, మిగిలింది నడవడానికి.

విశాఖలో సముద్రం కనిపించే గది దొరికితే మురిసిపోతాం గానీ ఈ పనికి అది పనికిరాదు. తూర్పు కిటికీలోంచి పొద్దున వచ్చే వెలుతురు, మధ్యాహ్నం వచ్చే వెలుతురు ఒకటి కావు. ఉప్పుగాలికి గోడలు చెమ్మబట్టి జిగురు పట్టు వదిలేస్తుంది. బీచ్ రోడ్డుకు రెండు మూడు వీధులు లోపలగా, కిటికీలు తక్కువగా ఉన్న గది చూసుకోండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అయితే నేల అంతస్తు వద్దు.

ఫ్యాను గాలికి ఊగే తెరలు, వేలాడే దీపాలు ఉంటే తీసేయండి. దీపం ఊగితే నిజం కుర్చీ నీడ కదులుతుంది, ఫోటో కుర్చీ నీడ కదలదు. ఆట అక్కడితో అయిపోతుంది.

3. సామగ్రి

- ప్లై షీట్లు, 8×4 అడుగులు, 12 మి.మీ. మందం: 3 (నేలకు 2, గోడకు 1)
- ప్లై షీటు, 6 మి.మీ.: 1 (రంధ్రం బోర్డుకు)
- ప్రైమరు, తెల్లటి మ్యాట్ ఎమల్షన్: ఒక్కొక్కటి 2 లీటర్లు
- వెనక జిగురున్న, మెరవని (మ్యాట్) తెల్లటి వినైల్ ప్లాస్టిక్ షీటు: 96 చదరపు అడుగులు, దానిపైన తరుగుకు ఇంకొంత, అంతా ఒకే రోలు నుంచి
- మొత్తానికీ మ్యాట్ లామినేషన్
- ఎల్ఈడీ బల్బులు, 4000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా పైన: ఒకేరకం 2 (ఒకటి అదనం)
- నల్లటి మందపాటి గుడ్డ
- అంగుళం మాస్కింగ్ టేపు, కొలత టేపు, మూలమట్టం, స్పిరిట్ లెవెల్, నట్టు కట్టిన దారం
- ట్రైపాడ్, మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా
- చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ: 1

ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) చవకే గానీ ఇక్కడి తేమకు అంచులు ఉబ్బుతాయి, వద్దు.

కుర్చీ ముదురు రంగుది కావాలి: ఎరుపు, మెరూన్, నీలం. తెల్ల కుర్చీ కుదరదు, కారణం 7వ అంచెలో తెలుస్తుంది. కొత్తదయితే మెరుస్తుంది. టీ కొట్టు ముందు నాలుగేళ్ళు ఎండకు మాడిన పాత కుర్చీ దీనికి బంగారం లాంటిది.

4. వేదిక

1. రెండు ప్లైలను నేల మీద పక్కపక్కన నిలువుగా పరవండి. 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు వస్తుంది. అతుకు సరిగ్గా రంధ్రానికి ఎదురుగా ఉండాలి.
2. మూడో ప్లైని అడ్డంగా, నేల ప్లై వెనక అంచుకు ఆనించి నిలబెట్టండి. వెనక రీపర్లు కొట్టించండి. గది గోడకు అతికించడం కంటే ఇదే మేలు: స్కర్టింగ్ టైల్ అడ్డురాదు, హాలువాళ్ళతో పేచీ ఉండదు.
3. నేలకూ గోడకూ మధ్య కోణం 90 డిగ్రీలు ఉందో లేదో మూలమట్టంతో మూడు చోట్ల చూడండి.
4. ప్రైమరు ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు. కోటుకూ కోటుకూ మధ్య రాత్రంతా ఆరనివ్వండి. వానాకాలమైతే ఇంకో రోజు కలుపుకోండి.
5. గోడ ప్లైకి పైన, రెండు పక్కలా కనిపించే గదినంతా నల్లగుడ్డతో మూసేయండి.

5. దీపం

ఒక్కటే దీపం. రంధ్రం బోర్డు నిలబడే చోటికి నేరుగా పైన, 240 సెం.మీ. ఎత్తున, మధ్య గీతకు 45 సెం.మీ. ఎడమగా బిగించండి. ఫోటో కుర్చీ కూడా మధ్య గీతకు 45 సెం.మీ. ఎడమనే ఉంటుంది కాబట్టి దాని నీడ తిన్నగా దాని వెనక్కే పోతుంది. కుడివైపు పెట్టే నిజం కుర్చీ నీడ కుడికి, బయటికి పోతుంది. దీపాన్ని బాగా కుడికి జరిపితే నిజం కుర్చీ నీడ ఫోటో కుర్చీ మీద పడి, లేని కుర్చీ మీద మడత పడకుండా నేల వెంట సాగిపోతుంది.

బల్బు పెట్టిన గంట తర్వాతే ఫోటోలు తీయండి. ఆ బల్బునే ప్రదర్శన అయ్యేదాకా ఉంచండి.

6. గుర్తులు, మూడు ఫోటోలు

అన్నిటికంటే నిదానంగా చేయాల్సింది ఇది.

ముందు టేపుతో రెండు చట్రాలు గీయాలి: ఒకటి చతురస్రం, ఒకటి దీర్ఘచతురస్రం. నేల మీద 200×200 సెం.మీ. దాని వెనక అంచు గోడ మొదలయ్యే చోటే. మధ్య అతుకుకు అటు 100, ఇటు 100. గోడ మీద 200 వెడల్పు, 100 ఎత్తు, అదే మధ్య గీతకు సరిగ్గా. మూల నుంచి మూలకు కొలవండి: నేల మీద రెండు కర్ణాలూ 282.8 సెం.మీ., గోడ మీద 223.6 సెం.మీ. రావాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పరవాలేదు, సెంటీమీటరు అయితే పీకి మళ్ళీ వేయండి. కొలతకు లెక్క టేపు లోపలి అంచు. బయటి అంచుతో కలగాపులగం చేస్తే అంగుళం పోతుంది.

తర్వాత కెమెరా. లెన్సు మధ్యభాగం నేల నుంచి 120, గోడ నుంచి 400 సెం.మీ. దూరంలో, సరిగ్గా మధ్య గీత మీద ఉండాలి. లెన్సు కింద నట్టు కట్టిన దారం వేలాడదీసి, అది తాకిన చోట నేల మీద పెన్నుతో గుర్తు పెట్టండి. ఈ గుర్తు చివరి రోజు దాకా చెరగకూడదు. కెమెరాను కిందికి 18 డిగ్రీల దాకా వంచాల్సి వస్తుంది, దాంతో ఇబ్బంది లేదు. ఏ లెన్సు వాడారన్నది కూడా ముఖ్యం కాదు, లెన్సు ఎక్కడుందన్నదే ముఖ్యం.

చిన్న సెన్సరు కెమెరాతో వచ్చే 18-55 లెన్సు చాలు. 24 దగ్గర పెట్టి జూమ్ రింగు కదలకుండా టేపు చుట్టండి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా అయితే గోడ దగ్గర మీటరుకు సుమారు 1500 పిక్సెళ్ళు వస్తాయి. నాలుగు మీటర్ల నుంచి చూసే కంటికి అంతకంటే అక్కర్లేదు.

సెట్టింగులు:

- రా ఫైలు, ఐఎస్ఓ 100, ఎఫ్/8
- షట్టరు 1/25 కంటే నెమ్మదిగా. సెకను పట్టినా సరే
- తెల్లగోడ 255లో 200–220 మధ్య పడాలి, కాలిపోకూడదు
- వైట్ బ్యాలెన్స్ కట్టేయండి, ఆటో వద్దు
- ఫోకస్ కుర్చీ మీద పట్టి మాన్యువల్‌కు మార్చండి
- రెండు సెకన్ల టైమరు

ఇప్పుడు ట్రైపాడ్ వెంట్రుకవాసి కూడా కదలకుండా మూడు ఫోటోలు:

1. టేపు గుర్తులతో ఖాళీ వేదిక.
2. టేపు పీకేసి, ఖాళీ వేదిక.
3. కుర్చీ పెట్టి: వెనక కాళ్ళు గోడకు 100 సెం.మీ. ముందు, మధ్య గీతకు 45 సెం.మీ. ఎడమగా.

కుర్చీ తీసేముందు నాలుగు కాళ్ళూ నేలను తాకిన చోట్లు, గోడ నుంచీ మధ్య గీత నుంచీ ఎంతెంత దూరమో కాగితం మీద రాసుకోండి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు సాక్సులతోనే నడవండి, తెల్ల నేల మీద పాదముద్రలు పడితే ఫోటోలోనూ వస్తాయి.

7. కంప్యూటర్ మీద

మామూలుగా అందరూ చేసే తప్పు, కుర్చీ ఫోటోను ఉన్నదున్నట్టు ప్రింటు వేయించడం. ఆ ఫోటోలో తెల్లగోడ మీద దీపపు వెలుగు ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో ముందే ఉంది. దాని మీద అదే దీపం మళ్ళీ వేస్తే మూలలు రెండింతలు చీకటవుతాయి, ప్రింటు అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దీనికి మందు భాగహారం. కుర్చీ ఫోటోను ఖాళీ వేదిక ఫోటోతో భాగిస్తే, రెండింటిలో ఒకేలా ఉన్నదంతా తెల్లగా మారిపోతుంది. కుర్చీ, దాని నీడ మాత్రమే మిగులుతాయి. తెల్ల వినైల్ మీద తెల్లభాగంలో ఇంకు అసలు పడదు కాబట్టి ప్రింటుకు అంచే ఉండదు. గోడకంటే తెల్లనిది ఏదీ ఈ లెక్కలో నిలవదు, తెల్ల కుర్చీ వద్దన్నది అందుకే.

1. మూడు ఫోటోలకూ లెన్స్ కరెక్షన్ ఒకేలా పెట్టి తెరవండి. ఇది ముందే చేయాలి, తర్వాత చేస్తే గీతలు వంగుతాయి.
2. కింది పొర కుర్చీ ఫోటో. దాని పైన ఖాళీ వేదిక, బ్లెండ్ మోడ్ డివైడ్. అన్నిటికీ పైన టేపు గుర్తుల ఫోటో.
3. ఫైలును రెండు కాపీలు చేయండి: ఒకటి నేలకు, ఒకటి గోడకు.
4. ఫోటోషాప్‌లో పర్‌స్పెక్టివ్ క్రాప్ తీసుకుని, నేల కాపీలో టేపు నాలుగు మూలల మీద నొక్కండి. 72 పీపీఐలో (అంగుళానికి 72 పిక్సెళ్ళు) 5669×5669 పిక్సెళ్ళు ఇవ్వండి. గోడ కాపీకి 5669×2835. జింప్ వాడితే పర్‌స్పెక్టివ్ టూల్‌ను కరెక్టివ్ మోడ్‌లో పెట్టి, మూడు పొరలకూ కలిపి వర్తించేలా చూసుకోండి.
5. టేపు పొరను దాచేయండి. నేల మీద కుర్చీ కాళ్ళు కొంగకాళ్ళలా సాగి కనిపిస్తే దారిలో ఉన్నట్టే.
6. లెవెల్స్‌లో తెలుపు కొనను 248 దగ్గరికి తెచ్చి మిగిలిన బూడిద మచ్చలను తుడిచేయండి. లేకపోతే ప్రింటరు అక్కడక్కడా చుక్కలు చల్లుతుంది. 245 కంటే కిందికి వెళ్తే నీడ చివర మెత్తదనం తెగిపోయి, కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది.
7. ఎడమ సగం మాత్రమే ఉంచి, కాన్వాసును ప్లై కొలతకు పెంచండి: నేలకు 122×244, గోడకు 122×122 సెం.మీ. పెంచినదంతా తెలుపే. ప్రింటు కొలత సరిచూసుకోవడానికి ఫైలు మూలలో 10 సెం.మీ. గీత ఒకటి పెట్టండి.

8. డబ్బు పెట్టేముందు పరీక్ష

నేల ఫైలులో నాలుగు కాళ్ళ అడుగులు, గోడ ఫైలులో వీపు పై మూలలు, సీటు మూలలు ఎక్కడున్నాయో సెంటీమీటర్లలో చదవండి. ఆ చోట్ల వేదిక మీద చిన్న టేపు ముక్కలు అంటించండి. కెమెరా ఇంకా కదలలేదు కదా, అందులోంచి చూస్తూ కుర్చీని పాత చోట పెట్టించండి. టేపు ముక్కలన్నీ కుర్చీ మూలల వెనక దాక్కోవాలి. కాళ్ళు నేలను తాకే చోట్లు 6వ అంచెలో రాసుకున్న కొలతలతో కలవాలి.

కలవకపోతే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఫోటోల మధ్యలో ట్రైపాడ్‌కు ఎవరి కాలో తగిలింది. మూడు ఫోటోలూ మళ్ళీ తీయండి, కంప్యూటర్‌లో సర్దే ప్రయత్నం చేయకండి.

9. ప్రింటు షాపులో

ఫ్లెక్సులు వేసే షాపుల్లో ఆపరేటర్‌కు చేతి అలవాటు ఉంటుంది: ఫోటో రాగానే రంగులు పెంచుతాడు, షార్పు చేస్తాడు. పెళ్ళి ఫ్లెక్సుకు అది బాగుంటుంది. ఇక్కడ కొంప ముంచుతుంది. పక్కన నిలబడి చెప్పండి:

- కొలత వన్ టు వన్, ఫిట్ చేయవద్దు.
- రంగు, షార్పు ఏదీ ముట్టుకోవద్దు.
- ఫైలు మూలలో మీరు పెట్టిన 10 సెం.మీ. గీతను ప్రింటు మీద స్కేలుతో కొలవాలి.
- ముందు అడుగు వెడల్పు ముక్క: కుర్చీ రంగు మూడు రకాల ముదురులో.
- మిగతా ఖాళీ వినైల్ కూడా అదే రోలు నుంచి, అదే లామినేషన్‌తో.

ఆ అడుగు ముక్కను షాపు ట్యూబులైటు కింద చూసి ఓకే చేయకండి. తెచ్చి మీ దీపం కింద, అసలు కుర్చీ పక్కన పెట్టి ఒక కన్నుతో చూడండి. ఏ ముదురు సరిపోయిందో దానితోనే పూర్తి ప్రింటు.

10. అతికించడం

వినైల్‌ను రాత్రంతా అదే గదిలో విప్పి పరచండి. ఎండలో స్కూటర్ మీద తెచ్చి వెంటనే అతికిస్తే, చల్లారాక కుంచించుకుపోయి అతుకుల దగ్గర చీలిక వస్తుంది.

ప్లైని తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, లీటరు నీళ్ళలో రెండు చుక్కల షాంపూ కలిపి పలచగా స్ప్రే చేయండి. నేల ముందు, గోడ తర్వాత. నేల వినైల్ వెనక అంచు, గోడ వినైల్ కింది అంచు సరిగ్గా మూలలో కలవాలి. మూలలో గుండ్రంగా మడిచి ఎక్కించకండి, సన్నటి వెలుగుగీత పడి కుర్చీ కాలు అక్కడ విరిగినట్టు ఉంటుంది. మధ్య నుంచి పక్కలకు స్క్వీజీతో (రబ్బరు అంచున్న పట్టీ) నీళ్ళు తోసేయండి. బుడగ మిగిలితే సూదితో గుచ్చండి.

కుడి సగం ఖాళీ వినైల్. దాని మీద అదే కుర్చీని, మధ్య గీతకు 45 సెం.మీ. కుడిగా, ఫోటోలో కంటే కాస్త పక్కకు తిప్పి పెట్టండి. రెండూ ఒకేలా నిలబడితే చూసేవాడు పోల్చడం మొదలుపెడతాడు.

11. రంధ్రం బోర్డు

6 మి.మీ. ప్లైకి రెండు వైపులా నల్లరంగు. రంధ్రం 20 మి.మీ., లోపలివైపు అంచును ఏటవాలుగా చెక్కించండి. 10 మి.మీ. రంధ్రం పెడితే కుర్చీల దగ్గర మీటరున్నర వెడల్పే కనిపిస్తుంది, ఇరుకుగా ఉంటుంది. మరీ పెద్దదయితే తల కదుపుతారు.

కన్ను బోర్డుకు రెండు సెంటీమీటర్ల వెనక ఉంటుంది. కాబట్టి నేల మీద పెట్టిన గుర్తుకు రెండు సెంటీమీటర్లు ముందుగా, అంటే వేదిక వైపు, బోర్డు నిలబెట్టాలి. రెండో కన్ను మూయమని చెప్పక్కర్లేదు, దానికి నల్లబోర్డే కనిపిస్తుంది. స్టూలు ఎత్తు మారేదయితే మంచిది.

12. ఏం తప్పితే ఏం కనిపిస్తుంది

కుర్చీ కాలు మూల దగ్గర విరిగినట్టుంది. కన్ను చోటు తప్పింది. ఐదు సెంటీమీటర్లు పక్కకు పోతే వెనక కాలు సుమారు సెంటీమీటరుంబావు ఒరుగుతుంది. కాలు ఏ పక్కకు ఒరిగితే రంధ్రం ఆ పక్కకే తప్పినట్టు. బోర్డును దానికి ఎదురు దిక్కుకు కొద్దికొద్దిగా జరిపి చూడండి, ప్రింటును పీకకండి.

విరగలేదు గానీ కుర్చీ పొడుగ్గా సాగినట్టుంది, లేదా పొట్టిగా కుదించినట్టుంది. రంధ్రం ఎత్తు మారింది. బోర్డు కింద కార్పెట్ వేశారేమో చూడండి.

ఫోటో కుర్చీ మాత్రం పాలిపోయి ఉంది. లామినేషన్ మీద దీపం మెరుస్తోంది. గ్లాసీ వేసి ఉంటారు, మ్యాట్‌తో మళ్ళీ వేయించడం తప్ప దారి లేదు.

రంగు పగలు ఒకలా, సాయంత్రం ఒకలా. ఎక్కడినుంచో పగటి వెలుతురు వస్తోంది. దీపం ఆర్పి పది నిమిషాలు చీకట్లో కూర్చుంటే సందు ఎక్కడుందో దొరుకుతుంది.

అంతా సరిగ్గానే ఉంది, అయినా జనం వెంటనే కనిపెడుతున్నారు. నిజం కుర్చీ కింద దుమ్ము చూడండి. నేల మీద దాని కాళ్ళ చుట్టూ మురికి చేరుతుంది, ఫోటో కుర్చీ కాళ్ళ చుట్టూ చేరదు. రోజూ రెండుసార్లు తడిగుడ్డ పెట్టండి.

13. ప్రదర్శన రోజు

- ముందు రంధ్రం, తర్వాతే లోపలికి. లోపలినుంచి బయటికొచ్చే దారి వేరుగా ఉండాలి, లేకపోతే వరుసలో ఉన్నవాళ్ళకు గుట్టు ముందే తెలిసిపోతుంది.
- వేదిక మీదికి చెప్పులతో వద్దు. పక్క నుంచి నడవడానికి అర మీటరు వదలండి.
- రంధ్రానికి ఫోను ఆనించి ఫోటో తీస్తామంటే తీయనివ్వండి. దానికీ కన్ను ఒకటే కాబట్టి మనిషి కంటే గట్టిగా మోసపోతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు, కొత్త నీడ పుట్టి పట్టిస్తుంది.
- కరెంటు పోయి వస్తే బల్బు పాత వెలుగుకు రావడానికి కాసేపు ఆగండి. ఇన్వర్టర్ ఉంటే బల్బును దానికి కలపండి.
- కుర్చీ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. నిజం కుర్చీ మీద కూర్చుంటే ఫోటో చెడదు గానీ, రెండో కుర్చీ మీద కూర్చోబోయేవాడు వెల్లకిలా పడతాడు.

ప్రదర్శన అయ్యాక హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తూ మూల నుంచి ఏటవాలుగా లాగితే వినైల్ పెయింటు ఊడకుండా వస్తుంది. ప్లై ఇంకో బొమ్మకు పనికొస్తుంది. నేల మీద దారంతో పెట్టిన గుర్తును మాత్రం చివరగా చెరపండి.